సముద్రానికి కట్ట

మా ఇంటికి వచ్చేవాళ్లందరికీ ఒకటే జబ్బు. ముందుగది గోడ మీద నేను సముద్రం బొమ్మ వేస్తుంటాను. వచ్చినవాళ్లు మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, ఇది ఏ చెరువని అడుగుతారు.

సముద్రమని చెబుతాను. ఓహో అంటారు. అని, కట్ట ఏ పక్కన వస్తుందంటారు.

మెదక్‌లో పుట్టినవాళ్లకు నీళ్లంటే చెరువు, చెరువంటే కట్ట. తూము వేయడం మరిచిపోయావన్నాడు పాలాయన. రంగుల దుకాణం సేఠ్ ఇంత నీలం ఏ చెరువుకూ ఉండదని, జర మట్టిరంగు కలపమని, ఊరికే ఒక డబ్బా నా చేతిలో పెట్టాడు. మా చిన్నాయన అయితే అలల మధ్య వేలు పెట్టి, అలుగు ఇక్కడ పారితే బాగుంటుందని తేల్చేశాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. తల గోడకు కొట్టుకుందామంటే గోడంతా పచ్చి రంగు.

నాకేమైనా సరదానా? నాన్న పోయాక అస్థికలు ఏడుపాయల దగ్గర మంజీరలో కలిపాం. మంజీర పోయి గోదావరిలో, గోదావరి పోయి సముద్రంలో కలుస్తాయి. మధ్యలో ఎన్ని ఆనకట్టలు ఆపినా ఈపాటికి ఆయన అక్కడికి చేరే ఉంటాడు. ఆయన ఉన్న చోటు నా కళ్లకు కనబడాలి. చూడబోతే ఆయనకేమో బతికినన్నాళ్లూ సముద్రమంటే కోపం. టీవీలో కనబడితే చాలు, "గన్ని నీళ్లుండి ఏం ఫాయిద, ఒక్క మడి పారది" అనేవాడు. పొలం వదిలి టౌనుకు వచ్చాక కూడా, సాయంత్రమైతే పోయి చెరువుకట్ట మీద కూర్చుంటేనే ఆయనకు అన్నం సయించేది.

అందరూ అన్నారు గాని అమ్మ ఒక్క మాట అనలేదు. నాకు అదే ఎక్కువ కష్టంగా ఉండేది. నాన్న పోయినప్పటి నుంచి ఆమె ఏడవలేదు, ఆయన ఊసే ఎత్తలేదు. వంటింట్లోకి పోతూ ఆ గోడ దగ్గర మొహం తిప్పుకునేది. నిజానికి ఆమె చూడాలనే నేనా బొమ్మ మొదలుపెట్టాను.

మొన్న ఒడ్డున నురగ వేస్తుంటే, చేటలో బియ్యంతో వచ్చి నా వెనక నిలబడింది. చాలాసేపు చూసింది.

"కట్ట పెట్టలేదేంది బిడ్డా?"

నా ఓపిక అయిపోయింది. సముద్రానికి కట్ట ఉండదమ్మా, నువ్వూ మొదలుపెట్టావా అని కసిరాను.

"ఉండదని నాకెర్కలేదా?" అంది. "కట్ట లేకుంటే మీ నాయిన ఏడ కూసుంటడు?"

చేట పక్కన పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను సేఠ్ ఇచ్చిన మట్టిరంగు డబ్బా మూత తీశాను.