ఇస్త్రీ అక్క పూలకుండీలు

ఒక పెద్ద హోటల్ నేలమాళిగలో బట్టలు ఉతికే విభాగం ఉంటుంది. అక్కడ ఆవిరి ఇస్త్రీ యంత్రం ముందు నిలబడి ఆమె సగం జీవితం గడిపేసింది. అందరూ ఇస్త్రీ అక్క అనేవాళ్ళు. చివరికి పైఅధికారి కూడా అలాగే పిలవడంతో, ఎవరైనా సొంత పేరుతో పిలిస్తే ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని ఆమె వెనక్కి తిరిగి చూసేది.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "చొక్కా ముడతలైతే తియ్యగలను గానీ మొగుడి మొహం మీద ముడతలు నా వల్ల కాదు" అని నవ్వేసేది. నాలుగో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు, మనిషి అడ్డంగా నిలబడితే నిండిపోయే బాల్కనీ. ఆ ఇంటికి ఒకరోజు చెల్లెలు, మరిది తమ పసిపిల్లను ఎత్తుకుని వచ్చారు. మరిది క్రేను నడిపేవాడు. వంతెనలు కట్టే చోటల్లా గుడారాల్లో కాపురం. చెల్లెలికీ అక్కడే వంటపని దొరికింది.

"దుమ్ములో పిల్లకి ఒకటే దగ్గు అక్కా. కొన్నాళ్ళు నీ దగ్గర ఉంచుకో. ఒక చోట కుదురుకోగానే తీసుకెళ్ళిపోతాం" అంది చెల్లెలు.

ఒక వంతెన పూర్తయితే ఇంకో వంతెన. కొన్నాళ్ళు కాస్తా ఏళ్ళయ్యాయి. పిల్లకి మాటలు వచ్చాయి. పెద్దమ్మా అనడానికి నోరు తిరక్క 'పెద్దీ' అంది. అదే ఖాయమైపోయింది. సెలవులకు వచ్చి వెళ్ళే తల్లిని మాత్రం 'సెలవులమ్మ' అనేది. అందరూ నవ్వేవాళ్ళు. చెల్లెలు కూడా నవ్వేది గానీ, నవ్వు కళ్ళదాకా వెళ్ళేది కాదు.

బడిలో వేసిన ఏడాది పిల్ల పిల్లికూన కావాలని మంకుపట్టు పట్టింది. అద్దెకిచ్చిన ఇంటాయన ఒప్పుకోడు. ఈ గోడు విన్న మడతలామె, అంటే హోటల్లో దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గరి స్నేహితురాలు, మర్నాడు చేతిరుమాల్లో వానలిల్లి పూలమొక్క గడ్డలు మూటకట్టి తెచ్చింది.

"కుండీ అడుగున చిల్లు మీద పెంకు ముక్క పెట్టు. మట్టిలో కాస్త ఇసుక కలిపి, మొన పైకి ఉండేట్టు పాతెయ్. ఒకసారి నీళ్ళు పోసి నీ పని నువ్వు చూసుకో."

"రోజూ పొయ్యక్కర్లేదా?"

"పోశావంటే కుళ్ళి ఊరుకుంటాయి. నీలాంటి తీరిక లేనిదాని కోసమే పుట్టాయివి."

ఇంట్లో పిల్ల ఒక గడ్డను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఉల్లిపాయ కదా పెద్దీ. పాలు తాగుతుందా?" అంది. తాగదని తెలిసి మొహం మాడ్చుకుంది. పాతిపెట్టిన రెండో రోజే తవ్వి పైకి తీసింది. "ఊపిరి పీలుస్తోందో లేదో చూశానంతే" అని సంజాయిషీ. ఇస్త్రీ అక్క నవ్వలేక, తిట్టలేక, గడ్డను మళ్ళీ మట్టిలో పెట్టింది.

అయినా అవి మొండివి. తొలి వానకి, ఎండుగడ్డి తప్ప ఏమీ కనిపించని కుండీలో లేతగులాబీ రంగు పూలు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. పిల్ల బడికి వెళ్ళనని భీష్మించింది. ఆ రోజు నుంచి బాల్కనీ దానిదే. ఎండాకాలం నాచుపూలు, వాటికైతే వేరు కూడా అక్కర్లేదు, కొమ్మ తుంచి గుచ్చితే చాలు. చలికాలం బంతి, చామంతి. ఆకులు పచ్చబడి వాలిపోతుంటే కత్తిరించకూడదని, ఆ ఆకులే గడ్డకి తిండి పెడతాయని, పూర్తిగా ఎండాక కుండీని గోడవార నీడకి జరిపి నీళ్ళు మానెయ్యాలని ఇద్దరూ తప్పులు చేసుకుంటూ నేర్చుకున్నారు. సాయంత్రం పని నుంచి వచ్చి, వాచిన కాళ్ళు బకెట్లో పెట్టుకుని ఇస్త్రీ అక్క గడప మీద కూర్చుంటే, పిల్ల ఒక్కో కుండీని పేరుపేరునా తిట్టేది. "నువ్వు బద్ధకిష్టివి. నీకు మొగ్గ రావడానికి ఇంకా ఎన్నాళ్ళు?" ఆ తిట్లు వింటుంటే రోజంతా పీల్చిన ఆవిరి ఒంట్లోంచి దిగిపోయినట్టుండేది.

పిల్లకి పదేళ్ళు నిండాక, ఒక వేసవి చివర్లో, చెల్లెలు, మరిది చెప్పాపెట్టకుండా వచ్చారు. చంకలో చిన్నవాడు కూడా ఉన్నాడు. మరిదికి రేవులో స్థిరమైన ఉద్యోగం దొరికింది. ఇల్లు తీసుకున్నారు. దగ్గర్లోనే బడి కూడా చూశారు.

ఇస్త్రీ అక్కకు విషయం అర్థమై చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. మరిది చూపు తప్పించి చిన్నవాణ్ణి ఆడించసాగాడు. చెల్లెలు ఆమెను వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను. నువ్వు ఉండిపో అని ఒక్క మాటంటే అది జన్మలో నా వెంట రాదు. నాకు తెలుసు. ఆ మాట అనకు. వచ్చినప్పుడల్లా నన్ను చూసి నీ వెనకాల దాక్కుంటుంది. దాన్ని కన్నాను గానీ ఒక్కరోజైనా దానికి తల్లిని కాలేకపోయాను."

"నేనేమన్నానే?" అంది ఇస్త్రీ అక్క.

"అననని చెప్పు. ఎప్పటికీ చెప్పనని కూడా చెప్పు. నేను ఇలా బతిమాలుకున్నానని దానికి తెలిస్తే నన్ను ఇంకా చులకన చేస్తుంది."

చెల్లెలి భుజాలు కదిలిపోతుంటే చూడలేకపోయింది. చిన్నప్పుడు దాన్ని కూడా తనే ఎత్తుకు తిప్పింది. "సరే" అంది.

పిల్ల బాల్కనీలో కుండీల మధ్య ముడుచుకుని కూర్చుంది. "పెద్దీ, నేను రానని చెప్పు. నువ్వు చెప్తే వింటారు. వానలొస్తే పూలు పూస్తాయి కదా, నేను లేకపోతే ఎవరు చూస్తారు?"

ఇస్త్రీ అక్క దాని జడ విప్పి మళ్ళీ బిగించి వేసింది. చేతులకి ఏదో ఒక పని కావాలి కదా. "వెళ్ళమ్మా. అక్కడ నీకు తమ్ముడున్నాడు" అంది.

పిల్ల ఏడవలేదు. ఆమెకేసి ఒకసారి చూసి, లేచి బట్టలు సర్దుకుంది. మెట్లు దిగుతూ వెనక్కి తిరగలేదు.

తర్వాత ఫోను చేస్తే పిల్ల నిద్రపోతోందనో, చదువుకుంటోందనో చెల్లెలు చెప్పేది. వానలు వచ్చాయి, పూలు పూశాయి. ఇస్త్రీ అక్క ఆ వానాకాలమంతా బాల్కనీ తలుపు తియ్యకుండా వంటింటి కిటికీకే బట్టలు ఆరేసుకుంది.

రెండేళ్ళకి చెల్లెలు పిల్లను తీసుకుని వచ్చింది. ఇస్త్రీ అక్క సెలవు పెట్టి, ఇల్లు కడిగి, పొద్దుటి నుంచి మెట్ల చప్పుడు వింటూ కూర్చుంది. తలుపు తీస్తే తన భుజం దాకా ఎదిగిన పిల్ల.

"నమస్తే పెద్దమ్మా. బాగున్నారా మీరు?"

ఎవరో నేర్పినంత మర్యాదగా ఉంది ఆ మాట. పక్కింటివాళ్ళని పలకరించినట్టు. 'నువ్వు' అనే పిల్ల, 'ఏయ్ పెద్దీ' అని జుట్టు పట్టుకు లాగిన పిల్ల. "బాగున్నానమ్మా, లోపలికి రా" అంది ఇస్త్రీ అక్క.

మధ్యాహ్నం చెల్లెలు పడుకుంది. పిల్ల బాల్కనీ తలుపు దగ్గర నిలబడి, అటువైపే చూస్తూ అడిగింది. "ఆ రోజు మీరు ఒక్కమాట కూడా ఎందుకు అనలేదు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. లోపల గదిలో చెల్లెలు పక్కకి ఒత్తిగిలిన చప్పుడు వినిపించింది. నిద్రపోతోందో, వింటోందో.

"నాకు ఓపిక లేకపోయిందమ్మా. పొద్దస్తమానం నిలబడే పని. ఎదిగే పిల్లని చూసుకోవడం కష్టమనిపించింది."

పిల్ల తలూపింది. "నేనూ అదే అనుకున్నాను" అంది. సాయంత్రం బండికి ఇద్దరూ వెళ్ళిపోయారు.

ఇదంతా ఆమె ఒక్క మడతలామెకే చెప్పుకుంది. మడతలామె చేతిలో దుప్పటి విసిరికొట్టింది. "నీకేమైనా మతి పోయిందా? ఉన్నమాట చెప్పెయ్యి దానికి."

"చెప్తే అది నా దగ్గరికి వస్తుంది. వాళ్ళమ్మ దగ్గర్నించి వచ్చేస్తుంది. ఇప్పుడిప్పుడే ఇద్దరూ కలుస్తున్నారు."

"మరి నీ సంగతో?"

ఇస్త్రీ అక్క యంత్రం మీద దిండు గలీబు పరిచి, మూత దించింది. ఆవిరి బుస్సుమంది. ఆ వారమే గడ్డలన్నీ తవ్వి తీసి, మట్టి దులిపి మడతలామెకి ఇచ్చేసింది. నాచుపూలు మాత్రం ఉంచుకుంది. "ఇవైతే ఎండ ఉన్నన్నాళ్ళే. మళ్ళీ వస్తాయని కాచుకుని కూర్చోనక్కర్లేదు" అంది.

ఒక ఆదివారం చెల్లెలు ఫోను చేసింది. గొంతులో సంతోషం దాగడం లేదు. "అక్కా, నిన్న జ్వరం వస్తే నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. అమ్మా అంది. వట్టి అమ్మా అని."

"మంచిదే. ఇప్పుడెలా ఉంది? ఏమైనా తిందా?"

"లేచింది. తమ్ముడితో పోట్లాట కూడా మొదలెట్టింది." చెల్లెలు గొంతు తగ్గించింది. "ఆ రోజు నేను నిద్రపోలేదక్కా. అంతా విన్నాను."

ఇస్త్రీ అక్క ఫోను రెండో చెవికి మార్చుకుంది. చెల్లెలే మళ్ళీ అంది. "ఏం కావాలో అడగక్కా. నా వల్ల అయ్యేదేదైనా."

"ఫోను పెట్టెయ్యకుండా అలా బల్ల మీద పెట్టి, నీ పని నువ్వు చేసుకోవే కాసేపు."

అటువైపు చెక్క మీద ఫోను పెట్టిన చప్పుడైంది. తర్వాత ఎక్కడో దూరంగా పిల్ల గొంతు. "నా దువ్వెన ఎవడు తీశాడు? రేయ్, నిన్నే! పళ్ళన్నీ విరగ్గొట్టావు కదరా, దొంగవెధవా!" చిన్నవాడి కేక, పరుగులు, తలుపు దడాలుమనడం, ఆపైన ఇద్దరి నవ్వులు.

ఇస్త్రీ అక్క గోడకి ఆనుకుని, తన ఊపిరి అటు వినిపించకుండా చేత్తో నోరు మూసుకుని, ఫోను దానంతటదే ఆగిపోయేదాకా వింటూ నిలబడింది.