నాయనమ్మ తీసిన నురగ

మా హాల్లోని అక్వేరియంలో నీలం గౌరామి చేపల జంట చేత పిల్లలు పెట్టించాలని అప్పటికే ఒకసారి ప్రయత్నించి ఓడిపోయాను. ఫిల్టర్ తోసే నీళ్లకు గూడు చెదిరిపోయింది. గౌరామి గూడంటే నురగే. మగచేప నీటి పైకి వచ్చి గాలి మింగి, నోటితో బుడగలు ఊది, వాటిని ఒక మూలన పేరుస్తుంది. ఆడచేప పెట్టిన గుడ్లు ఆ బుడగల మధ్య తేలుతుంటాయి. కాపలా అంతా తండ్రిదే.

అందుకే రెండోసారి ప్రతి పనీ వరుసలో చేశాను. ఫిల్టర్ ఆపాను, నీళ్లు తగ్గించాను, హీటర్ సరిచూశాను, పైన గాజుమూత వేశాను. గుడ్లు పెట్టడం అయిపోగానే ఆడచేపను వేరే తొట్టిలోకి మార్చాను. నీళ్లలో ఎవరూ చెయ్యి పెట్టొద్దని ఇంట్లో అందరికీ చెప్పి ఆఫీసుకు వెళ్లాను.

ఆ రోజు కేసముద్రం నుంచి మా మేనత్త వచ్చింది. కూతురు వస్తుందంటే నాయనమ్మ ఇంట్లో దుమ్ము ఉండనివ్వదు. సాయంత్రం నేను వచ్చేసరికి తొట్టిలో నీళ్లు తేటగా మెరుస్తున్నాయి. మగచేప ఖాళీ మూలలో గిరగిరా తిరుగుతోంది.

“నాయినమ్మా, నురగేది?”

“తీసేసిన బిడ్డా. ఉడికే పప్పు మీద లెక్క పేరుకున్నది. మీ అత్త చూస్తే ఇంత గలీజు ఏందనుకోదా?”

“చెయ్యి పెట్టొద్దని చెప్పిన గదనే!”

“నేనేడ పెట్టిన? గంటెతోని తీసిన.”

సోఫాలో ఉన్న అత్త పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

“అండ్ల గుడ్లున్నయే.”

నాయనమ్మ ముఖం వాడిపోయింది. “అయ్యో, గుడ్లా? జర ముందుగాల చెప్పొద్దారా!” అంటూ వంటింట్లోకి నడిచింది. కరివేపాకు చెట్టు మొదట్లో పోద్దామని నురగను గిన్నెలో తీసిపెట్టి, అంతలోనే అత్త రావడంతో మరిచిపోయిందట.

గిన్నెలో నురగ అణిగిపోయింది. ఆవగింజకన్నా చిన్న గుడ్లు నీటి మీద తేలుతున్నాయి. కొన్ని తెల్లబడ్డాయి, అవి పోయినట్టే. మిగతావి గాజులా ఉన్నాయి. గిన్నెను తొట్టి నీళ్లలో తేలేలా వదిలి, లోపలి నీళ్లు కూడా అంతే వెచ్చనయ్యాక, చెంచాతో గుడ్లను పాత మూలలో పోశాను. ఇక మగచేప ఇష్టం. సాకనూ వచ్చు, తినేయనూ వచ్చు.

అది ముందు చెంచాను పొడిచింది. తర్వాత ఒక గుడ్డును నోట పట్టింది.

“మింగిండు!” అని నాయనమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది.

మింగలేదు. పైకి వెళ్లి, గుడ్డును వదిలి, దాని కింద ఒక బుడగ ఊదింది. మళ్లీ ఇంకో గుడ్డు కోసం వచ్చింది.

నాయనమ్మ అత్త వైపు తిరిగింది. “చూసినవా బిడ్డా, గుడ్లను ఎట్ల అరుసుకుంటాండో! మీ అన్న ఒక్కనాడన్న పిల్లల్ని గిట్ల చూసిండా?”

“నడుమ నేనేం జేసిననే అవ్వా?” అన్నాడు నాన్న, పేపరు దించకుండానే.

మర్నాడు సాయంత్రం నేను వచ్చేసరికి టీవీ ఆపేసి ఉంది. నాయనమ్మ తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. అత్త ఇంకా ఊరెళ్లలేదు.

“మెల్లగ రా,” అంది నాయనమ్మ. “తోకలు కదులుతానయ్.”

నిజమే. బుడగల కింద వెంట్రుకల్లాంటి తోకలు వేలాడుతున్నాయి. వేలు చూపిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

“లెక్కవెట్టకురా, దిష్టి తగుల్తది,” అని నాయనమ్మ నా వేలు పట్టుకుని కిందికి దించింది.