ఆదోని సభ కోసం చుట్టిన కండెలు

“పిల్ల ఆదోనికి పోతే కండెలు ఎవురు సుడతారు? నువ్వా, మీ అమ్మా?” అన్నాడు నాయన మగ్గం గుంతలో నుంచే.

“మా అమ్మ జోలికి రావద్దు. ఒక్క దినానికి నీ మగ్గం మునిగిపోదులే. అంత బడిలో టీచరమ్మ దీన్నే ఏరుకునింది,” అంది అమ్మ.

అదంతా నా చిన్నప్పటి మాట. ఇప్పుడు నా మనవరాలు విదేశాల పిల్లలు వచ్చే బడి సదస్సుకు ఎంపికైంది. పట్టపగలు లైటు వేసుకుని, గంజి పెట్టిన యూనిఫాంలో అద్దం ముందు ప్రసంగం వల్లిస్తోంది. ఆ గంజి వాసనకు ఎమ్మిగనూరులో నూలుకు గంజి పట్టించే మా మగ్గం ఇల్లు, ఆ గొడవ గుర్తుకొచ్చాయి.

అప్పుడు నేను నాలుగో తరగతి. ఆదోనిలో పిల్లల సభ. మా బడి తరఫున మాట్లాడటానికి టీచరమ్మ నాకు ప్రసంగం నేర్పింది. ఆ గొడవ చివరికి నాయన, “ఈ బుట్టెడు నూలు కండెలకు సుట్టేసి పో,” అన్నాడు. పని ఎంత బాగా చేస్తే అంత సంతోషంగా పంపుతాడనుకున్నాను. రాట్నం తిప్పుతూ ప్రసంగం వల్లించాను. పొద్దు గూకేలోపే బుట్ట ఖాళీ అయింది. నాయన కండెలను వేళ్లతో నొక్కి చూశాడు. ఎక్కడా వదులు లేదు.

“భలే సుట్టినావే పాపా!” అన్నాడు. పొంగిపోయాను. పని చేతకాని పిల్లనై ఉంటే పోనిచ్చేవాడేమో.

మరునాడు పొద్దున జడలు వేసుకుని వాకిట్లో నిలబడ్డాను. పిలుచుకుపోను వచ్చిన టీచరమ్మతో నాయన, “ఇంత పనిమంతురాలుంటే రెండో మగ్గం గూడా ఆడిస్తాను. ఇంగ బడికి రాదులేమ్మా,” అని చెప్పి పంపేశాడు.

అమ్మ నాకు రాట్నం ముందు పీట వేసింది.