తమ్ముడు ఇవ్వని జవాబు

నా ఉత్తరానికి జవాబివ్వకుండానే మా తమ్ముడు మొన్న మంగళవారం దవాఖానలో కన్నుమూశాడు. నలభై ఏళ్లుగా అడుగుతున్నాను. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

మెడలో తులసిపూసలు, చీమను కూడా తొక్కని మనిషి. మా నల్లగొండ పల్లెలో కరువొస్తే, ఇల్లు గడవడానికి వాణ్ని తీసుకుపోయి మిలటరీ భర్తీలో నిలబెట్టింది నేనే. బంగ్లాదేశ్ యుద్ధంలో వాడు తుపాకి పేల్చనన్నాడు. దెబ్బలు తిన్నవాళ్లను మోసే పనిలో వేశారు. ఆ సంగతి వాడే ఇంటికి రాశాడు.

నాది రెండో తరగతి చదువు. అయినా ఇంట్లో రాయగలిగింది నేనొక్కణ్నే. అమ్మ చెప్పింది రాశాను: "బిడ్డా, ఎవ్వల్ని చంపకు, నువ్వు పాణంతోని రా." కాగితం నాలుగు మూలలా ఆమె పసుపు పెట్టింది. పోస్టులో వేసే ముందు కింద నా మాట చేర్చాను: "గీడ తెలంగాణ కోసం పోరగాండ్లు తూటాలకు ఎదురువోయిన్రు. నువ్వు మిలటరీల ఉండి తుపాకి పేల్చవా? పిరికోడా! నన్ను అన్నా అనకు."

అమ్మకు చదువు రాదు. ఆమె పసుపుతోనే నా తిట్టూ పోయింది.

తిరిగి వచ్చిన ఉత్తరంలో అమ్మకు దండాలు, బర్రె ఈనిందా అని ఒక ప్రశ్న. నాకు ఒక్క ముక్క లేదు.

ఇంటికొచ్చాక మాత్రం "అన్నా" అనే పిలిచాడు. తర్వాత పట్నం వచ్చి చంపాపేటలో పక్కపక్క ఇళ్లలోనే బతికాం. జవాబేదిరా అని అడిగితే నవ్వేవాడు. "ఒస్తది తియ్యే అన్నా, ఇంక పోస్టులనే ఉన్నది."

మళ్లీ ఉద్యమం వచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకోకు వాణ్ని లాక్కుపోయాను. రాళ్లు పడ్డాయి. తల పగిలిన కానిస్టేబుల్ దగ్గరికి వీడు ఉరికాడు.

"ఆడు పోలీసోడురా!" అని అరిచాను.

"కాళ్లు పట్టే అన్నా, తిట్టుడు తర్వాత."

పట్టాను. దవాఖాన దాకా మోశాం. ఆయాసంతో నేను ఆగిన ప్రతిచోటా వాడూ ఆగాడు.

వాడు పోయిన మూడో దినం గోడ మీద పిట్టకు పెట్టాం. కాకి ముడితే పోయినవాడికి కోరికలేం మిగల్లేదని లెక్క. చుట్టాలు ఏమనుకుంటారోనని విస్తరిలో మటన్ పెట్టించాను. వాడి కొడుకు బిత్తరపోయాడు. "పెద్దనాయినా, మా నాయిన ఎన్నడన్న మాంసం ముట్టిండా?"

కాకి వాలింది, చూసింది, లేచిపోయింది. కూర తీసేసి పప్పన్నం పెట్టినా రాలేదు. "ఏం కోరికున్నదో" అని చుట్టాలు గుసగుసలాడారు.

గోడకు ఆ మెతుకులు ఎండి అంటుకుని ఉన్నాయి. ఎవర్నీ కడగనివ్వలేదు. వచ్చే గురువారం పదో దినం. పప్పన్నం నేనే పెడతాను, అక్కడే నిలబడతాను. తమ్ముడా, ఆ రోజు పొద్దు గూకేలోపు నా జవాబు నాకు రావాలి.