వేప మీది తిప్పతీగ

ఆదివారం ఆదోనిలో బస్సెక్కి మా ఊరు చేరితే నాకు ఒకటే పని, పెరట్లో మంచం వాల్చుకుని వేపచెట్టును చూస్తూ పడుకోవడం. చెట్టు పక్కింటి అత్తది. దాని మీద అల్లుకున్న తిప్పతీగ మాది. మొదలు మా పెరట్లో, గోడ దాటి ఆకులన్నీ ఆమె చెట్టు మీద. ఆ ఆకులు గాలికి కదులుతుంటే ఎప్పుడు నిద్రపట్టేదో తెలిసేది కాదు.

చికెన్‌గున్యా పోయినా అమ్మ మోకాళ్ల నొప్పి పోలేదు. వేప మీద పాకిన తిప్పతీగకే గుణమెక్కువని మా వైపు నమ్మకం. అత్తే రోజూ ఒక ముక్క కోసి, కషాయం కాచి గోడ మీదుగా అందించేది. కషాయం కంటే ఆ నాలుగు మాటల కోసమే అమ్మ పొద్దున్నే లేచేదని నా అనుమానం.

మా కోడి వాళ్ల జొన్నలు తిన్నదని ఒకరోజు మాటా మాటా పెరిగింది. అత్త కొడవలి తెచ్చి గోడ మీద తీగను తెగ్గోసింది. ఛీ, తీగ ఏం పాపం చేసింది? నాకు ఒళ్లు మండింది. అమ్మ మాత్రం కషాయం మానేసింది, అంతే. నేను ఆదోని నుంచి తెచ్చిన తిప్పతీగ పొడి డబ్బా మూత కూడా తీయలేదు.

తెగిన తీగ ఎండలేదు. ఒక మధ్యాహ్నం సగం నిద్రలో చూశాను, గోడ పక్క కొమ్మ నుంచి సన్నని దారాలు వేలాడుతున్నాయి. మొదలు తెగితే తిప్పతీగ పైనుంచే వేర్లు దించి నేలను వెతుక్కుంటుందట. కలలోనే ఉన్నాననుకున్నాను. గోడకు అటు అత్త, ఇటు అమ్మ, ఇద్దరూ వాటినే చూస్తున్నారు, ఒకరినొకరు మాత్రం చూసుకోవడం లేదు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

మిరప కోతలకు ఊరు సగం గుంటూరు వైపు కదిలింది. అత్తా మూట కట్టింది. పలకరించకుండా పోతే అమ్మ తట్టుకోలేదని నాకు తెలుసు. ఆటో ఎక్కబోతూ అత్త గోడ దగ్గరికి వచ్చింది.

"వదినా, ఆ యేర్లు దిగే తావున రోంత నీళ్లు పోస్తాండు."

అమ్మ వేలాడే వేర్ల వైపు చూసింది. "పోస్తాలే. అవి నేల ముట్టేలోగా నువ్వు ఇంటికి రావల్ల" అంది.

అత్త తల ఊపి వెళ్లింది.

ఈ ఆదివారానికి వేర్లు నేలకు జానెడు దూరంలో ఉన్నాయి. అత్త ఇంకా రాలేదు. అమ్మ నొప్పి మోకాళ్లతోనే రాయి ఎక్కి, గోడ మీదుగా వంగి, ఆ వేర్లను ఒక్కొక్కటే పైకి లాగి గోడ మీద పడుకోబెట్టింది.