సాక్షి నిలబడే చోటు

2022. నంద్యాల కొత్త జిల్లాకు కేంద్రమైన సంవత్సరం. ఆళ్లగడ్డ రహదారి నుంచి కొంత లోపలికి ఉన్న ఒక గ్రామంలోని ఉన్నత పాఠశాలలో అప్పుడు నేను సాంఘిక శాస్త్రం బోధించేదాన్ని. కాపురం నంద్యాలలో, రాకపోకలు ఆర్టీసీ బస్సులో. ఉపాధ్యాయ శిక్షణకు ముందు సర్వే డిప్లొమా చేశాను. కొలత లేని పటం గీయకపోవడం అక్కడ అబ్బిన అలవాటు. హరప్పా వీధినైనా, కర్నూలు కోటనైనా, పక్కన స్కేలు రాసిన తర్వాతే బోర్డు మీద గీస్తాను.

ఎనిమిదో తరగతిలో చట్టం, న్యాయవ్యవస్థల పాఠాన్ని ప్రతి ఏడాదీ మాక్ ట్రయల్‌తో ముగిస్తాను. అంటే తరగతిలోనే జరిపే నమూనా విచారణ. జడ్జి, న్యాయవాదులు, ముద్దాయి, సాక్షి అందరూ పిల్లలే. సాక్షిని పిలిపించిన పక్షం అడిగే ప్రశ్నలు చీఫ్ ఎగ్జామినేషన్. ఎదుటి పక్షం న్యాయవాది ఆ జవాబులను తిరగేసి పరీక్షించడం క్రాస్ ఎగ్జామినేషన్. పోలీసులకు ఒకటి చెప్పి, బోనెక్కిన తర్వాత దానికి అడ్డం తిరిగినవాడు హోస్టైల్ విట్నెస్. పదాలు ఆంగ్లంలోనే నేర్పుతాను. రేపు వాళ్ళు నిజమైన కోర్టు వరండాలో వినబోయేవి ఆ పదాలే.

ఆ ఏడాది విచారణను రాజ్యాంగ దినోత్సవం నాడు ఊరివాళ్ళ ముందు జరపాలనుకుని, కేసును పిల్లలనే కల్పించమన్నాను. వాళ్ళు పెద్దగా ఆలోచించలేదు. కాలువ నీటి వంతు దగ్గర తగాదా. తూము షట్టరు ఎవరో విరగ్గొట్టారు. అడగడానికి వెళ్ళిన రైతును ఒకతను పార కర్రతో కొడితే చెయ్యి విరిగింది. గట్టు మీద పోతున్న ఒక మనిషి చూశాడు. వాళ్ళు చెప్పినట్టు బోర్డు మీద స్థల పటం గీస్తుంటే వెనక బెంచీ నుంచి ఇమ్రాన్ లేచాడు.

"తూము ఆడ కాదు మేడం. మలుపు దాటినాక, చింతచెట్టుకు ఈ పక్క."

కల్పిత కేసులో తూము ఎక్కడుంటే ఏమిటని నాకు తట్టలేదు. నా పాఠం ఇంత శ్రద్ధగా వింటున్నారే అని సంతోషించాను.

పాత్రలకు చీటీలు వేశాం. జడ్జి సునీత. ముద్దాయి తరఫు న్యాయవాది ఇమ్రాన్. ప్రత్యక్ష సాక్షి చీటీ నాగవేణికి వచ్చింది. చదువులో చురుకైన, మాటలో పొదుపైన పిల్ల. ఆ పేరు చదవగానే గది నిశ్శబ్దమైంది.

రెండు రోజుల తర్వాత రిహార్సల్. ప్రాసిక్యూటరు అడిగింది: "ఆ పొద్దు కాలవ కాడ నువ్వేం చూసినావు?"

"నేనేం చూళ్ళేదు," అంది నాగవేణి.

మాటలు మరిచిపోయిందనుకుని గుర్తుచేయబోయాను. ఇమ్రాన్ చేతులు దులుపుకున్నాడు. "నాకు పని తప్పె. ఇంక క్రాస్ ఎగ్జామినేషన్ యాడిది?"

"సాక్షి చూళ్ళేదంటే కేసెట్లా నడుస్తుంది?" అన్నాను.

నా అమాయకత్వానికి తరగతంతా నవ్వింది. సునీత జడ్జి కుర్చీలో నుంచే నాకు విచారణ క్రమం వివరించింది. "సాక్షులు అట్లే చెప్తారు మేడం. ముందు ఊర్లో పెద్దమనుషులు రాజీ చేస్తారు. ఆ పైన అందరూ ఒకే జీపులో ఆళ్లగడ్డకు పోతారు. చూళ్ళేదని చెప్పి, హోటల్లో బిర్యానీ తిని వస్తారు. మా తాత రెండు మార్లు పోయినాడు."

వాళ్ళు పాఠాన్ని ఎగతాళి చేయడం లేదు. సాక్షి వెనక్కి తగ్గడమూ విచారణలో ఒక నియమిత దశేనని, ప్రమాణం తర్వాత వచ్చేది అదేనని నిజంగానే నమ్ముతున్నారు. వాళ్ళు చూసిన న్యాయస్థానం అంతవరకే.

నాగవేణి మాత్రం నవ్వలేదు.

ఆ సాయంత్రం ప్రధానోపాధ్యాయులు నన్ను పిలిచి తలుపు దగ్గరగా వేశారు. పిల్లలు చెప్పింది కథ కాదట. పేర్లు మార్చిన ఊరి కేసు. చెయ్యి విరిగిన రైతు ఉన్నాడు, కొట్టినవాడూ ఉన్నాడు, కేసు ఆళ్లగడ్డ కోర్టులో నడుస్తోంది. గట్టు మీద పోతూ చూసినది నాగవేణి తండ్రి ఓబులేసు. వాయిదా దగ్గర పడింది. ఓబులేసు దున్నే కౌలు పొలం ముద్దాయి కుటుంబానిది.

మర్నాడే ముద్దాయి అన్న తిరుపాలు పాఠశాలకు వచ్చాడు. స్టాఫ్ రూములో నా ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏందమ్మా, ఇస్కూల్లో కోర్టు పెట్టినావంట?"

"పాఠమే అన్నా. పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో మా కాలవ మలుపు ఉండాదా?"

ప్రధానోపాధ్యాయులు టీ తెప్పించబోయారు. "టీకి రాలేదు సార్," అని తిరుపాలు నా వైపే చూశాడు. "ఆపమని చెప్పను. పిల్లోల్ల ఆట, ఆడుకోనీ. ఆ పొద్దు ఊరంతా వస్తాది కదా. ఓబులేసు బిడ్డ చూళ్ళేదని చెప్తే అందరూ ఇంటారు. చాలు."

"సాక్షి ఏం చెప్పాలో నేను నేర్పనన్నా."

అతను లేచి కండువా సర్దుకున్నాడు. "నువ్వు బస్సులో వచ్చి బస్సులో పోయేదానివి టీచరమ్మా. మేం ఈడ్నే ఉండేటోల్లం. ఆ పిల్ల కూడా ఈడ్నే ఉంటాది."

అతను వెళ్ళాక ప్రధానోపాధ్యాయులు నా వైపు తిరిగారు. "రద్దు చేద్దాం మేడం. రాజ్యాంగ దినోత్సవానికి పాటలు పెట్టుకుందాం," అన్నారు.

ఆయన భయం అకారణమైనది కాదు. కోర్టులో నడుస్తున్న కేసును పిల్లల చేత ఆడించడం తగదన్నదీ నాకు స్పష్టమే. ఆ కథను అదే క్షణంలో వదిలేశాను. కానీ విచారణనే వదిలేస్తే, ఆ తరగతిలో చివరి మాటగా మిగిలేది నాగవేణి చెప్పిన 'చూళ్ళేదు'. ఏమీ తేల్చుకోకుండానే బస్ స్టాపుకు నడిచాను. అక్కడ ఓబులేసు నిలబడి ఉన్నాడు.

"నా బిడ్డకు ఏం నేర్పిస్తాండావమ్మా?"

కేసు మారుస్తానని, పిల్లకు ఇబ్బంది రానివ్వనని చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"అది కాదు. చూళ్ళేదని చెప్పినా అంటాది ఇంటికొచ్చి. నువ్వట్లే చెప్తావు కదా నాయనా అంటాది. ఏం చెప్పాల్నో నాకే తెలీకుండా ఉండాది."

బస్సు వచ్చింది. ఎక్కాను. నంద్యాల చేరేదాకా ఆ మాటే నాతో ప్రయాణం చేసింది.

న్యాయశాస్త్రం చదివేవారికి చేయించే ఒక అభ్యాసం ఉంది. హెచ్చరిక లేకుండా గదిలో ఒక సంఘటన జరిపించి, చూసినవాళ్ళను తర్వాత సాక్షులుగా విచారిస్తారు. రాసిచ్చిన సంభాషణ ఉండదు. నేనూ అదే చేయించాను. సోమవారం నేను పాఠం చెబుతుండగా, ముఖానికి ఎర్రగళ్ళ తువ్వాలు కట్టుకున్న ఒకడు వెనక తలుపు నుంచి దూసుకొచ్చి, బల్ల మీది గ్లోబును ఎత్తుకుని పరుగెత్తాడు. గది గొల్లుమంది. అతను నేను ముందే మాట్లాడి ఉంచిన పదో తరగతి సురేంద్ర అని విచారణ ముగిశాకే పిల్లలకు చెప్పాను. తలుపు పక్క బెంచీ నాగవేణిది.

"ఇదే మన కేసు. సాక్షి మారదు," అన్నాను. ఊరి కేసు పక్కకు పోయాక ప్రధానోపాధ్యాయులూ సరేనన్నారు.

మిగిలిన పీరియడ్లలో ఇతర పాత్రలకు ఏమీ నేర్పలేదు. సాక్షి గురించే చెప్పాను. చూసినది చెప్పాలి, చూడనిది చూడలేదనాలి. ఊహించి చెప్పకూడదు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగమనవచ్చు. ఎవరైనా చూపుతో బెదిరిస్తే, ఆ మాట జడ్జికి చెప్పుకోవచ్చు. చివరిది చెప్పినప్పుడు నాగవేణి తల ఎత్తింది.

"చెప్తే జడ్జి ఇంటాడా మేడం?"

"వినాలి. సాక్షి భయం లేకుండా మాట్లాడేలా చూడటం జడ్జి బాధ్యత."

రాజ్యాంగ దినోత్సవం నాడు పొడవాటి హాలు నిండిపోయింది. అతిథిగా నంద్యాల నుంచి ఒక మహిళా న్యాయవాది వచ్చారు. ఓబులేసు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తిరుపాలు కుర్చీ వద్దని, సాక్షి బోనుగా పెట్టిన బల్ల పక్క కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కేసు మారిన సంగతి అతనికి తెలుసు. అతను గ్లోబు కోసం రాలేదు.

నాగవేణి ప్రమాణం చేసింది. ప్రాసిక్యూటరు అడిగింది: "ఆ పొద్దు నువ్వేం చూసినావు?"

నాగవేణి చూపు కిటికీ వైపు పోయి, నేలకు దిగింది. ప్రాసిక్యూటరు మళ్ళీ అడిగింది. లేచి ఆపేద్దామని నా కాళ్ళు ఒకసారి కదిలాయి. అప్పుడు ఆమె సునీత వైపు తిరిగింది.

"జడ్జి గారూ, ఆ కిటికీ కాడ నిలబడినోల్లను ఎనక్కి పొమ్మనండి. అప్పుడు చెప్తా."

సునీత నా వైపు చూసింది. నేను ఏ సైగా చేయలేదు. చేసి ఉంటే ఆ ఆదేశం నాదయ్యేది. సునీతే నిటారుగా కూర్చుని చెప్పింది: "కిటికీ దగ్గర ఉన్నవారు వెనక్కి వెళ్ళి కూర్చోవాలి. ఇది కోర్టు ఆదేశం."

ఎవరూ కదల్లేదు. తిరుపాలు కూడా. అతిథిగా వచ్చిన న్యాయవాది కుర్చీలో తిరిగి అతని వైపు చూశారు. ఆమె వెంట హాలంతా చూసింది. అతను నవ్వాడు.

"జడ్జమ్మ చెప్పినాక తప్పుతాదా!"

చివరి వరసకు నడిచి కూర్చున్నాడు. ఆ నవ్వులో ఓటమి లేదు. కాని అతను నడిచాడు.

నాగవేణి చెప్పింది: "ఎనక తలుపులో నుంచి వచ్చినాడు. ఎర్రగళ్ళ తువ్వాల. ఎడమ చేత్తో గ్లోబు ఎత్తుకున్నాడు. మొగం మాత్రం చూళ్ళేదు."

ఇమ్రాన్ క్రాస్ ఎగ్జామినేషన్‌కు లేచాడు. "మొగం చూళ్ళేదంటే నా ముద్దాయి అని ఎట్లా చెప్తావు?"

"నేను చెప్పలేదు. తువ్వాల చూసినా అన్నా. మొగం చూసినా అనలేదు."

ఇమ్రాన్ జడ్జి వైపు తిరిగి, "ఇంక నేనేం అడగల్ల?" అని కూర్చున్నాడు. హాలు నవ్వింది. సునీత బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద ముద్దాయిని విడుదల చేసింది. అంటే నేరం సందేహం లేకుండా రుజువు కానప్పుడు ముద్దాయికి దక్కే రక్షణ. సాక్షి నిజం చెప్పినందువల్లే అతను విడుదలయ్యాడు. ఓబులేసు అప్పటికే బయటికి వెళ్ళిపోయాడు.

వాయిదా అయిన మర్నాడు అతను మళ్ళీ బస్ స్టాపులో కనిపించాడు.

"పోయొస్తివా అప్పా?" అన్నాను.

"పోయొస్తిని. జీపులో పిల్సిరి. నేను బస్సుకు పోతిని." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "బోనెక్కినాక తిరుపాలోల్లు దగ్గరికొచ్చి నిలబడిరి. కొంచెం ఎడంగా పొమ్మనండి సామీ అని జడ్జిని అడిగితిని. పంపిచ్చినాడు."

"తర్వాత?"

"కొట్టింది చూసినా, చెప్పినా. షట్టరు ఎవురు ఇరగ్గొట్టినారో చూళ్ళేదు. చూళ్ళేదనే చెప్పినా."

ఆ వేసవికి కౌలు పోయింది. కుటుంబం నంద్యాలకు వచ్చేసింది. ఓబులేసు ఒక రైస్ మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. నాగవేణి అక్కడే బడిలో చేరింది. వెళ్ళేముందు టీసీ తీసుకోవడానికి వచ్చినప్పుడు, "ఊరు ఇడిసిపెట్టేదానికి బాధగా ఉందా?" అని అడిగాను. "ఉండాది మేడం," అంది. కోర్టు ఆదేశం కోర్టు గది గుమ్మం వరకే పనిచేస్తుందని, గుమ్మం దాటినాక సాక్షి ఒంటరిదేనని ఆ రోజు నాకు తెలిసింది.

ఇప్పుడు ఆ పాఠాన్ని నేను జడ్జితో మొదలుపెట్టను. ముందుగా బోర్డు మీద కోర్టు గది పటం గీస్తాను. స్కేలు రాస్తాను. సాక్షి నిలబడే చోటు గుర్తించి, అక్కడి నుంచి మిగిలినవారు ఎంత దూరంలో ఉండాలో పిల్లలనే చెప్పమంటాను. ఆ తర్వాత గుమ్మం గీసి, దాని బయట సాక్షి ఇంటికి పోయే దారి కూడా గీస్తాను. ఆ దారిలో ఆమె పక్కన ఎవరు నడవాలి అని అడుగుతాను. పుస్తకంలో ఆ ప్రశ్న లేదు. పిల్లలు మాత్రం దానికి చాలాసేపు జవాబులు చెబుతారు.