పోటు వేళకు బిగించిన వాచీ

ఆఫీసరు తన చేతి వాచీ తీసి ఇచ్చిన క్షణంలోనే మరిది గెలిచేశాడని వదినగారికి తెలిసిపోయింది. ఆ సంగతి ఆఫీసరుకి తెలియడానికి మాత్రం ఇంకో రెండు గంటలు పట్టింది.

చలికాలం, ఉదయం పదిన్నర. నది సముద్రంలో కలిసే చోట, గట్టు కింద, ఉప్పునీళ్ళు వచ్చి పోయే గడ్డినేల ఒకటుంది. పర్ర అంటారు దాన్ని. ఆ పర్రని మట్టితో పూడ్చి లారీలు నిలుపుకోవడానికి ఇవ్వాలని పైనుంచి కాగితం వచ్చింది. ఇచ్చేముందు అక్కడ పక్షులు ఎన్నున్నాయో చూసి రాయాలట. ఆఫీసరు జీపు దిగాడు, గట్టు మీద పది నిమిషాలు నిలబడ్డాడు, బురద వాసనకి జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని రాసేశాడు.

"పంతొమ్మిది," అన్నాడు.

"కాకులతో కలిపా, కలపకుండానా?" అంది వదినగారు. ఆవిడ నోటికి ఆఫీసరైనా ఒకటే, అరువు గుండీలు అడిగే పక్కింటామె అయినా ఒకటే.

మరిది మాత్రం గొంతు పెంచలేదు. "మీరు వచ్చింది పోటు ఇంకా ఇక్కడిదాకా ఎక్కని వేళండీ. నీళ్ళు తీసినప్పుడు పిట్టలన్నీ అదిగో, ఆ దూరపు బురదలో మేస్తుంటాయి. పోటెక్కితే అక్కడ కాలు మోపే చోటుండదు. అప్పుడిక్కడికే వస్తాయి. పన్నెండూ యాభైకి చూడండి."

"పన్నెండున్నరకి నాకు మీటింగుంది. నా ఆఫీసు టైము నాది."

"నీళ్ళకి ఆఫీసు లేదండీ."

"అసలు నువ్వెవరయ్యా?"

"వాచీలు బాగుచేస్తానండీ."

"అయితే వెళ్ళి వాచీలు చూసుకో!"

"అదే చూస్తున్నానండీ. మీది నాలుగు నిమిషాలు వెనకుంది."

ఆఫీసరు డ్రైవరు వాచీ చూశాడు. నిజమే. మొహం కాస్త చిన్నబోయింది. "మా మావగారు పెట్టిందిది. ఎప్పుడూ ఇలా లేదే," అన్నాడు.

"ఇలా ఇవ్వండి. చిన్న పనే."

అంతే. వదినగారు సంచిలోంచి ఉతికిన తెల్లగుడ్డ తీసి జీపు ముందు భాగం మీద పరిచింది. మరిది కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుని, పట్టకారుతో వాచీని ముక్క ముక్కగా విప్పి గుడ్డ మీద పేర్చాడు. ఇంట్లో అయితే అరగంట పని. ఆవేళ ప్రతి చక్రాన్నీ బిడ్డకి తలంటినట్టు తుడుస్తున్నాడు. వదినగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

"ఇంకా ఎంతసేపయ్యా?"

"లోపల దుమ్ముందండీ."

"సరే, నేను వెళ్ళొస్తాను. రేపు పంపించు."

"వెళ్ళండి. మావగారి వాచీ ఏదని ఇంట్లో అడిగితే గట్టు మీద ముక్కలుగా ఉందని చెప్పండి," అంది వదినగారు.

ఆఫీసరు వెళ్ళలేదు. జీపు చుట్టూ పదిసార్లు తిరిగాడు, అంతే.

ఈలోగా కాలవల్లోకి నీళ్ళు పాకాయి. బురద మీద వెండి గీతల్లా మొదలై, గీతలు పాయలై, పాయలు కలిసిపోయి, దూరపు బురద ఒక్కో అరచేతంత మిగిలి మునిగిపోయింది. అప్పుడు నది మీద పొగ లేచింది. పొగ కాదు. ఒక్కసారి తిరిగితే నల్లగా, ఇంకోసారి తిరిగితే తెల్లగా మెరుస్తూ, చీర దులిపితే వచ్చే చప్పుడుతో పిట్టలు వచ్చి పర్ర మీద దిగాయి. దిగినవాటి పక్కన ఇంకా దిగాయి. దారప్పోగు కాళ్ళవి, సూదిముక్కువి, కొక్కెంలా కిందికి వంగిన ముక్కువి. పేర్లన్నీ వదినగారు తన కుట్టుడబ్బాలోంచే పెట్టింది. గడ్డి కనబడకుండా పోయింది.

మరిది ఆఖరి మర బిగించి వాచీ చేతికిచ్చాడు. "టైము చూసుకోండి. పన్నెండూ యాభై."

ఆఫీసరు కాగితం మళ్ళీ బయటికి తీశాడు. లెక్కపెట్టబోయి మూడుసార్లు తప్పాడు. ఒక్కో పిట్టని కాదు, పదింటిని చూసి ఆ పది ఎంత మేర పట్టాయో కంటితో కొలిచి, అలాంటి కొలతలు పది కలిపితే వంద అనుకుంటూ పోవాలని మరిది నేర్పాడు. ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టారు. మరిది మూడువేల ఎనిమిది వందలన్నాడు. ఆఫీసరుది ఓ వంద తక్కువ. మనిషి మంచివాడే పాపం, పంతొమ్మిదిని తన చేత్తోనే కొట్టేశాడు. కానీ వెళుతూ ఒక మాట అన్నాడు. "పూడ్చడం ఆపిస్తాను గానీ, ఏటా చలికాలంలో నీళ్ళు బాగా పైకెక్కే ఈ పెద్దపోటు రోజున లెక్క మాకు అందాలి. ఒక్క ఏడు తప్పినా ఫైలు మళ్ళీ తెరుస్తారు. తర్వాత నా చేతుల్లో ఉండదు."

ఆ మాట మరిది మెదడులో మేకులా దిగింది.

అసలు ఈ మనిషికి పిట్టల మీద ధ్యాస ఎలా పట్టిందంటే, అదీ గడియారం పుణ్యమే. రేవు దాటించే పడవాయన గోడగడియారం తెచ్చి, "ఇది తప్పు నడుస్తోంది, నిన్న ఏడింటికొచ్చిన పోటు ఇవాళ ఏడింటికి రాలేదు," అని పోట్లాటకి దిగాడు. ఇంకొకరైతే నవ్వి పంపేసేవారు. ఈయన పదిహేను రోజులు గట్టు మీద కూర్చుని నీటినే పరీక్ష చేశాడు. తేలిందేమిటంటే, గడియారం సరిగ్గానే ఉంది, నీళ్ళే రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తున్నాయి. బాగుచేయడానికి వీల్లేని ఆ ఒక్క నీటి గడియారం మీద ఈయనకి ప్రేమ పుట్టింది. పిట్టలు దాని ముళ్ళు.

అన్న పోయాక వదినగారిని తన ఇంటికే తీసుకొచ్చుకున్నాడు. ఆయనకి పెళ్ళి లేదు. వీధివైపు గదిలో ఒక కిటికీ దగ్గర ఆవిడ కుట్టుమిషను, ఇంకో కిటికీ దగ్గర ఆయన బల్ల. మధ్యలో నలభై గడియారాల టిక్కుటిక్కు. "ఇంటికొచ్చిన వాళ్ళు టైమడిగితే ఏ గడియారం చూసి చెప్పను?" అని ఆవిడ సాధించేది. "పిట్టల్నడుగు," అనేవాడు.

మొదట్లో ఆవిడ ఫ్లాస్కుతో టీ మోసుకెళ్ళడానికే వెంట వెళ్ళేది. మూడో తరగతి మధ్యలో ఆగిన చదువు, వందలూ వేలూ తనకెందుకనుకునేది. కానీ ఖాళీగా కూర్చోవడం చేతకాదు. ఆయన నోటితో "వంద" అన్నప్పుడల్లా డబ్బాలోంచి ఒక గుండీ తీసి ఒళ్ళో వేసుకునేది. ఒక చలికాలం ఆఖరి గుంపు పూర్తవుతుండగా గద్ద వచ్చి పడింది. పిట్టలన్నీ లేచిపోయాయి, ఆయన తలలో అంకె కూడా వాటితో లేచిపోయింది. మనిషి తల పట్టుకున్నాడు. ఆవిడ ఒళ్ళో గుండీలు ఎంచింది. నలభై రెండు. ఆనాటి నుంచి గుండీల డబ్బా లేకుండా ఆయన గట్టెక్కలేదు.

పదకొండు లెక్కలు ఒక్కటీ తప్పకుండా వెళ్ళాయి. పన్నెండో ఏడు ఆయన ఒకరి గోడగడియారానికి గంటల ముల్లు ఉండాల్సిన చోట నిమిషాల ముల్లు బిగించాడు. ఎవరూ చూడకముందే వదినగారు చూసింది.

"ఎన్నాళ్ళుగా కనబడట్లేదు?"

"కనబడుతోంది. కాస్త పొగమంచు."

"ఇంట్లో పొగమంచేమిటి? నడు ఆసుపత్రికి."

నలభై ఏళ్ళు భూతద్దం మోసిన కన్ను ముందే మసకబారింది, రెండోదీ దాని వెనకే బయల్దేరింది. ఆపరేషను పెద్దపోటుకి మూడు రోజుల ముందు పడింది. ఆయన వాయిదా వేయమన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. "పర్ర పోతుంది వదినా," అన్నాడు. "నీ కన్ను పోతే పర్రనేం చూస్తావు? నోరు మూసుకుని పడుకో," అంది. అందే గానీ ఆ రాత్రి ఆవిడకీ నిద్ర లేదు.

పెద్దపోటు రోజున కొత్త ఆఫీసరమ్మ వచ్చింది. మరిది ఆపరేషను కంటికి పట్టీ, పైన నల్లద్దాలు, మెడదాకా శాలువాతో పడవల షెడ్డులో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గట్టు మీద దుర్భిణి వెనక వదినగారు.

"ఈవిడా లెక్కపెట్టేది?" అంది ఆఫీసరమ్మ.

"నువ్వు కూడా పెట్టమ్మా, ఎవరొద్దన్నారు?" అంది వదినగారు.

నీళ్ళెక్కాయి. చీర దులిపిన చప్పుడు షెడ్డులోకి వినబడింది. ఆవిడ పెదవులు కదపకుండా, పది చూసి, పది కొలిచి, గుండీ వేసి, గుండీ వేసి, ఆ చివర్నుంచి ఈ చివరికి వచ్చింది. డబ్బాలో గుండీలు చాలక తన జాకెట్టు చేతులకి కుట్టినవి రెండు తెంపింది. యాభై మూడు. అయిదువేల మూడొందలు, ఇన్నేళ్ళలో అన్నిటికన్నా ఎక్కువ. ఆఫీసరమ్మ తన కాగితం తిప్పి చూపించింది. అయిదువేల రెండొందల యాభై. "ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని ఈసారి మర్యాదగా అడిగింది.

"కుట్టుమిషను దగ్గర," అంది వదినగారు.

కాగితం తీసుకుని షెడ్డులోకి వెళ్ళింది. ఏటా అడుగున ఆయన పేరుంటుంది. ఈసారీ పాత కాగితాలు చూసి ఆఫీసరమ్మ అదే రాసి ఉంచింది. అంకె వినగానే ఆయన నవ్వాడు, తడుముకుంటూ కాగితం మీద చెయ్యి వేశాడు.

"కింద నా పేరు ఉండి ఉంటుంది. కొట్టెయ్ వదినా. నీ పేరు రాయి, పూర్తి పేరు, పెద్ద అక్షరాలతో."